హారన్ మానేసిన శ్రమల దినాలు

మా కారు వెనక అద్దం మీద 'ప్రేమ దీర్ఘకాలము సహించును' అని ఒక బైబిలు వాక్యం ఉంది. పక్కనే గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి బొమ్మ. కారు కొన్నప్పుడు పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన రోజే మావారు దాన్ని అంటించారు. బెజవాడలో ఇలాంటి వాక్యాలకు కొదవ లేదు. ఆటోల మీద ఉంటాయి, ఇసుక లారీల మీద ఉంటాయి, రాంగ్ రూట్లో ఎదురొచ్చే వ్యాన్ల మీద కూడా ఉంటాయి. మనల్ని గుద్దినవాడు విశ్వాసి అవునో కాదో, వాడు వెళ్ళిపోయేటప్పుడు వెనక అద్దం చూసి తెలుసుకోవచ్చు.

మావారు రిటైరైన లెక్కల మాస్టారు. మా చర్చి సంఘంలో ఆయనంత నెమ్మదస్తుడు లేడని పేరు. కొత్త కుర్చీల రంగు గురించి పెద్దలు రెండు వర్గాలుగా చీలిపోయి కేకలేసుకుంటుంటే, మధ్యలో నిలబడి రెండువైపులా మంచినీళ్ళు అందించిన మనిషి. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం ఆ మనిషి ఎక్కడికి పోయేవారో తెలిసేది కాదు. ఆయనకు తిట్లు రావు. ఆ లోటంతా హారన్‌తో పూడ్చుకునేవారు. బందరు రోడ్డు ఎక్కింది మొదలు దిగేదాకా ఆయన అరచెయ్యి స్టీరింగ్ నడిమధ్యనే ఉండేది.

ఒకరోజు బెంజి సర్కిల్ దగ్గర, ముందు వెళుతున్న ఒక బైకాయనను హారన్‌తో తరిమి తరిమి పక్కకు తప్పించారు. తీరా సిగ్నల్ పడింది. ఆ బైకాయన నెమ్మదిగా వచ్చి మా పక్కనే ఆగి, హెల్మెట్ అద్దం పైకెత్తి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అద్దం మీద వాక్యం చాలా బాగుందండి. మీరు లోపల కూర్చుంటారు కాబట్టి మీకు కనపడదనుకుంటా."

నేను ఆపుకోలేక నవ్వాను. మావారు నవ్వలేదు. రాత్రి భోజనం దగ్గర పప్పు వేయమని చేత్తోనే చూపించారు. నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా సంఘానికి ఒక అలవాటు ఉంది. మొదటి కూడికలో ఒక్కొక్కరే లేచి, ఈ నలభై రోజులూ తాము ఏది మానుకుంటున్నారో అందరి ముందూ చెప్పాలి. ఎక్కువమంది మాంసం మానేస్తారు. కొందరు టీవీ సీరియల్ మానేసి, కథ ఎంతవరకు వచ్చిందో పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకుంటారు. ఒకాయన ఏటా కాకరకాయ మానేస్తాడు. నేను స్వీట్లు మానేస్తున్నానని చెప్పాను. నాకు షుగరుందని, డాక్టరు అంతకుముందే మాన్పించాడని దేవుడికి ఎలాగూ తెలుసు, సంఘానికి తెలియాల్సిన పని లేదు. నా తర్వాత మావారు లేచారు.

"నేను హారన్ మానేస్తానండి."

పాస్టరుగారు సరిగ్గా వినపడలేదేమోనని మైకు పక్కకు పెట్టి మళ్ళీ అడిగారు. మావారు మళ్ళీ అదే చెప్పారు. వెనక వరసలో మా సంఘపు ఆటో డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయనకు పొలమారింది. పక్కవాళ్ళు వీపు మీద తట్టాల్సి వచ్చింది. పాస్టరుగారు తేరుకుని "ప్రైజ్ ది లార్డ్" అన్నారు. అన్నారు కానీ, నా వైపు జాలిగా చూశారు.

బయటి ఊళ్ళవాళ్ళకు తెలియకపోవచ్చు, మా ఊళ్ళో హారన్ అంటే తిట్టు కాదు. చిన్నగా ఒకటి కొడితే 'వస్తున్నానండీ' అని. రెండు కొడితే 'వచ్చేశానండీ' అని. ఆపకుండా కొడుతున్నాడంటే సిగ్నల్ పచ్చగా మారడానికి ఇంకా టైముందని అర్థం. అందరూ కొడతారు, ఎవరూ వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, అయినా ఊదాలి. ఊదనివాడిని జనం నమ్మరు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు, మా కారొక్కటే నోరు మూసుకుని వెళుతుంటే పక్క బళ్ళవాళ్ళు లోపలికి తొంగి చూసేవారు. బ్యాటరీ పోయిందా అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన హారన్‌తో ఆగి ఉంటే బాగుండేది. హారన్ లేనివాడు ఎలాగూ ముందుకు పోలేడు కాబట్టి, పోయేవాళ్ళకు మనసారా దారి ఇవ్వడం మొదలుపెట్టారు. సందులోంచి వచ్చే ఆటోకి దారి. ఆ ఆటో వెనక వచ్చే బైకుకి దారి. ఆ బైకు మీద ఫోను మాట్లాడుతున్నాయన ఆగిపోతే, ఆయన మాట్లాడటం పూర్తయ్యేదాకా దారి. మేము చర్చికి చేరేసరికి మొదటి పాట అయిపోయేది. రెండోవారం ప్రార్థన కూడా అయిపోయింది. మూడోవారానికి ప్రసంగం సగానికి వచ్చింది. వాక్యం ప్రకారం బతకబోయి వాక్యం వినడమే మానేశాం. మావారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి వెనక వరసలో కూర్చునేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మీరు ఇచ్చే దారి మీ సొంతమా? పక్కన నేను కూడా కూర్చున్నానుగా. నా టైము ఎవరినడిగి పంచిపెడుతున్నారండీ? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది."

"నీక్కూడా పుణ్యం వస్తుందిలేవే" అన్నారు.

ఓర్పు గలవాడి పక్కన కూర్చున్నవాళ్ళ గతి ఇంతే. పేరు ఆయనది, ఆలస్యం నాది. చర్చి మెట్ల మీద "మాస్టారు ఎంత మారిపోయారండీ" అని ఆయనను మెచ్చుకునేవాళ్ళు, పక్కనే కడుపు మండిపోతూ నిలబడ్డ నన్ను చూసి "మీరు కొంచెం ఓర్పు నేర్చుకోవాలమ్మా" అనేవాళ్ళు.

ఆయన్ను మెచ్చుకున్నవాళ్ళలో నేను తిట్టుకోని మనిషి ఒక్కతే, మా పిన్ని. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే పిన్నే పెంచింది. పామర్రు అవతల కాలువ గట్టునున్న ఊళ్ళో తమ్ముడి దగ్గర, అంటే తన కొడుకు దగ్గర, ఉండేది. ఆ శ్రమల దినాల మొదట్లోనే కంటి పరీక్షకని మావారే బెజవాడ తీసుకొచ్చి, మళ్ళీ దింపారు. పిన్నికి ఈయనంటే ప్రాణం. కాని ఈయన కారెక్కితే కళ్ళు మూసుకుని దిగేదాకా ప్రార్థన చేసుకునేది. ఆ రోజు దిగుతూ అంది కదా:

"అల్లుడుగారూ, పెళ్ళయిన ఇన్నాళ్ళకి మీ కార్లో కళ్ళు తెరుచుకుని కూర్చున్నానండీ. ఉయ్యూరు ఎంత మారిపోయిందీ!"

మావారి ముఖం వెలిగిపోయింది. ఉద్యోగంలో ఆయనకు సన్మానం చేసినప్పుడు కూడా అంత ఆనందం చూడలేదు. ఆ తర్వాత ఇక ఆయనను పట్టేవాళ్ళెవరు?

మూడోవారం గడిచాక, ఒకరోజు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ వెళ్ళిపోయిందే."

నిద్రలోనే పోయిందట. ఆ ఆదివారం వెళ్ళి చూసి రావాలనుకున్నాను. అంతలోపు ఆగలేదు మా పిన్ని. మధ్యాహ్నం మూడింటికి తీస్తామన్నాడు తమ్ముడు. ఎండలు ముదిరాయి, పైగా పాస్టరుగారికి సాయంత్రం వేరే ఊళ్ళో కూడిక ఉంది. నాకు ఒకటే కోరిక. పెట్టె మూసేలోపు పిన్ని ముఖం చూడాలి. మా అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. తలచుకుంటే పిన్ని ముఖమే వస్తుంది. అది ఒకసారి కళ్ళనిండా చూసుకోకుండా మట్టి వేయలేను. ఆ మాట మావారికి చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, సర్వీసింగుకిచ్చిన కారు పన్నెండింటికి ఇంటికి రాగానే తాళాలు తీసుకున్నారు. మరి ఈ ఒక్కరోజుకి హారన్ కొడతారా అని నేను అడగలేదు. అడగాల్సిన పని ఉంటుందనుకోలేదు.

బెంజి సర్కిల్ దాటడానికే యుగం పట్టింది. పెనమలూరు దగ్గర ఒక పెళ్ళివారి బస్సు రోడ్డుకు అడ్డంగా తిరగడానికి ప్రయత్నిస్తుంటే, మావారు ఆగి, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి 'రండి రండి' అని వాళ్ళను తిప్పించారు. కంకిపాడు దాటాక నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువైంది. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్లు. ఫ్యాక్టరీకి వెళ్ళే బళ్ళు వరసగా, ఒక్కొక్కటి రెండేసి ట్రాలీలతో, ఊరంతా తమదే అన్నట్టు కదులుతున్నాయి. వాటి మధ్య పాల క్యాన్లతో ఒక మోపెడ్ మా ముందు వెళుతోంది. ఆయనకు ఏ తొందరా లేదు.

"కొట్టండి" అన్నాను.

"పక్కకు తీస్తాడులే."

"పిన్ని ముఖం చూడాలండీ నేను!"

"నాకు తెలుసే. చూపిస్తాను."

చూపిస్తాడట! చెయ్యి చాపి స్టీరింగ్ మీద నేనే గట్టిగా నొక్కాను. తీర్మానం ఆయనది కానీ నాది కాదు కదా. నేను మానేసింది స్వీట్లు. మూడు వారాలుగా మూగబోయిన హారన్ ఒక్కసారిగా మోగేసరికి మోపెడ్ ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. మావారు వెంటనే రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. ఆ దండంతో నేను చేసిన పనంతా మట్టిపాలైంది. ఎవరో పెద్దాయన దండం పెడుతున్నాడని ఆ మనిషి బండి ఆపి, స్టాండు వేసి, మా దగ్గరికి వచ్చాడు.

"ఏం కావాలండీ? అడ్రసా?"

"కాదండీ, పొరపాటున మోగింది. మా అత్తయ్యగారు పోయారు, వెళుతున్నాం" అన్నారు మావారు.

"అయ్యయ్యో! ఏ ఊరండీ? పెద్దావిడేనా? బాధపడ్డారా పాపం?"

ఆవిడ ఏ ఊరో, ఎవరి తాలూకో, ఎలా పోయిందో అన్నీ విన్నాడు. కిందటేడు వాళ్ళ మేనత్త కూడా అలాగే నిద్రలో పోయిందని చెప్పాడు. వెనక ట్రాక్టర్లు, బస్సులు గోల పెడుతున్నా, నాకు ధైర్యం చెప్పిగానీ ఆయన బండి తీయలేదు. హారన్ కొడితే దారి దొరుకుతుందన్న నా నమ్మకం అక్కడితో పోయింది.

పామర్రు దాటి కాలువ గట్టు రోడ్డులోకి తిరిగేసరికి మూడు దాటింది. అక్కడ బాతులు. కోసేసిన చేలల్లో మేపడానికి తోలుకెళ్ళే మంద. ఇవతలి చేలోంచి గట్టెక్కి కాలువలోకి దిగుతున్నాయి, వందలు వందలు. చర్చిలో సాక్ష్యం చెప్పుకోవడానికేమో తెలియదు కానీ మావారు ఇంజిన్ కూడా ఆపేశారు. నేను అటు చూడలేక తల తిప్పుకుని ఏడుస్తుంటే ఫోన్ మోగింది.

"అక్కా, ఎక్కడున్నారే? ఇంక ఆగట్లేదు, పాస్టరుగారు తొందరపెడుతున్నారు. మీరు తిన్నగా సమాధుల తోటకి వచ్చేయండి" అన్నాడు తమ్ముడు.

సమాధుల తోట ఊరికి ఇవతల, ఆ గట్టు రోడ్డు మీదే ఉంది. మేము దాని దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎవరూ లేరు. తవ్వి పోసిన మట్టి ఒక్కటే కనిపించింది. ఆపమంటావా అని మావారు అడిగారు. నేను వద్దన్నాను. తోట దగ్గర పెట్టె దించగానే ఒక ప్రార్థన చేసి మూత వేసేస్తారు, జనంలో నాకు చోటు కూడా దొరకదు. ఇంటి దగ్గరే పట్టుకోవాలి.

"ఇంకా బయల్దేరి ఉండరు, పోనివ్వండి" అన్నాను.

గట్టు మలుపు తిరిగాం. ఎదురుగా పిన్ని వస్తోంది.

పిన్ని ఊరి సంఘానికి శవపేటిక పెట్టి తోసుకెళ్ళే నాలుగు చక్రాల బండి ఒకటి ఉంది. దాని మీద పెట్టె. పెట్టెకు మూత లేదు. మా వైపు మూత సమాధి దగ్గరే వేస్తారు. పిన్నికి రెండు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు. తమ్ముడు పెట్టెలో కూడా రెండు దిండ్లు పెట్టించాడు. కాళ్ళు ముందుకు, తల ఎత్తుగా వెనక్కి. పక్కన తమ్ముడి కూతురు ముఖానికి ఎండ తగలకుండా నల్లగొడుగు పట్టుకుని నడుస్తోంది. వెనక పాటలు పాడుతూ ఊరంతా వస్తోంది. అది ఒక్క బండి పట్టే గట్టు. నా తలుపు వైపు కాలువ. తీస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. ముందు నడుస్తున్న తమ్ముడు మా కారును గుర్తుపట్టి, ఏం చేయాలో తోచక, చెయ్యి పైకెత్తి వెనక్కి వెనక్కి అని ఊపాడు.

గట్టు రోడ్లమీద రెండు బళ్ళు ఎదురుపడితే ఎవరు వెనక్కి వెళ్ళాలన్న దాని మీద మా వైపు కొట్లాటలు, కోర్టులు కూడా అయ్యాయి. మావారు మాత్రం ఒక మైలు రమ్మంటే రెండో మైలు కూడా వెళ్ళమన్న బైబిలు మాటను రివర్స్ గేరులో పాటించే మనిషి. గేరు మార్చి, ఎడమచెయ్యి నా సీటు వెనక వేసి, మెడ వెనక్కి తిప్పి కారును కదిలించారు. మేము వెనక్కి వెళుతుంటే పిన్ని అంత నెమ్మదిగానూ మా వైపు వచ్చింది. ఆవిడకు, నాకు మధ్య కారు అద్దం, ఒక బారెడు రోడ్డు, అంతే.

చూశాను. తోట దాకా చూస్తూనే ఉన్నాను. ఎవరూ పక్కకు జరగమనలేదు, వెనకవాళ్ళకు చోటివ్వమనలేదు. ముక్కుకు రెండువైపులా కళ్ళజోడు నొక్కుకుపోయిన గుంటలు అలాగే ఉన్నాయి. కింది పెదవి కొంచెం బిగించి ఉంది, నాకు జడ వేసేటప్పుడు రిబ్బను పట్టుకున్నట్టు. ఎవరో తల నున్నగా దువ్వారు. తనెప్పుడూ పక్కపాపిడి, వాళ్ళు మధ్యపాపిడి తీశారు. నాకు అప్పుడు కూడా కోపం వచ్చింది. అంతలో గొడుగు పక్కకు జరిగి ముఖం మీద ఎండ పడింది. నేను 'గొడుగు గొడుగు' అని అరిచాను. అద్దాలు వేసున్నాయి, ఎవరికీ వినపడలేదు. పిల్ల దానంతట అదే సరిచేసింది. అప్పుడు ఏడ్చాను. గట్టిగా, సిగ్గు లేకుండా, పిన్నీ పిన్నీ అని. పక్కన మావారి ఊపిరి వినపడుతూనే ఉంది కానీ ఆయన ఇటు తిరగలేదు. తిరిగితే కారు కాలువలో ఉండేది.

తోట గేటు దాటేదాకా వెనక్కి తీసి కారాపారు. బండి లోపలికి తిరిగింది. అక్కడ గట్టు కాస్త వెడల్పు. నేను దిగి వెనకాలే పరుగెత్తాను. ఆయన దిగబోతుంటే, నడిచివచ్చినవాళ్ళ వెనకే ఊళ్ళోంచి జనంతో రెండు ఆటోలు, వాటి వెనక గడ్డి ట్రాక్టరు వచ్చాయి. కారు అడ్డం. పక్కనున్న చోటంతా అప్పటికే బైకులు పెట్టేశారు. వాళ్ళకు దారివ్వడానికి ఆయన కాలువ వంతెన దాకా మళ్ళీ వెనక్కే వెళ్ళారని నాకు తర్వాత తెలిసింది. పాస్టరుగారికి తొందరగా వెళ్ళాల్సిన పని ఉంది. చిన్న ప్రార్థన చేశారు. మూత వేశారు. మావారు చెప్పులు చేతపట్టుకుని ఎండలో నడిచి వచ్చేసరికి పెట్టె దించుతున్నారు. మగవాళ్ళ వెనక వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు గుప్పెడు మట్టి వేసి పక్కకు తప్పుకున్నారు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో నేను ఆయనకు చెప్పాల్సినవి చాలా సిద్ధం చేసుకున్నాను. పెళ్ళివారి బస్సు గురించి, మోపెడ్ ఆయన గురించి, బాతుల గురించి. గట్టు మీద దొరికిన ఆ కడచూపు మీ పుణ్యమేనని ఒప్పుకునేది లేదు, వేళకు వెళ్ళి ఉంటే పిన్ని పక్కన గంటసేపు కూర్చునేదాన్ని అని కూడా. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. పామర్రు ఇంకా రాలేదు. ఆయనే నోరు విప్పారు.

"అత్తయ్యగారి ముఖం ఎలా ఉందే?"

నాకు అర్థం కాలేదు. "అదేంటి, ఎదురుగానే ఉందిగా అంతసేపూ?"

"నేను వెనక్కి చూస్తున్నాగా. చూళ్ళేదు" అన్నారు.

ఆ గొంతు విన్నాక సిద్ధం చేసుకున్నవన్నీ పక్కన పెట్టేశాను. నిద్రపోతున్నట్టుందని చెప్పబోయి ఆగిపోయాను. అది ఎవరైనా చెప్పే మాట. రెండు దిండ్ల దగ్గర మొదలుపెట్టి, పాపిడి తప్పు తీశారని, ముక్కు మీద గుంటలున్నాయని, పెదవి బిగించి ఉందని, ఎండ పడగానే ముఖం ఎర్రబడ్డట్టు అనిపించిందని, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. ఆయన మధ్యమధ్యలో "ఊఁ, తర్వాత?" అంటున్నారు. ఉయ్యూరు వచ్చినా నేను ఆపలేదు. ఆయన రోడ్డు వైపే చూస్తూ వింటున్నారు. మెడ పట్టేసింది, నా వైపు తిరగలేకపోతున్నారు.